సోమవారం తలస్నానం

మా చిన్నత్త గురించి ఎవరైనా "పాపం, పెద్ద సైంటిస్టు కావలసిన మనిషి" అని మొదలుపెడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పాపం ఎందుకు? ఆమెను ఎవరూ చెయ్యి పట్టుకుని ఆపలేదు. పరిశోధన చేసుకోవడానికి రమ్మని మద్రాసు నుంచి పిలిచారు. వెళ్లాలని ఆమెకూ ఉండేది. వెళ్లకుండా కర్నూలు ఆడపిల్లల హైస్కూల్లో ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయిందో పక్కనే నిలబడి చూసినదాన్ని నేను. అందుకని ఆ "పాపం" నా ముందు చెల్లదు.

చిన్నత్త అంటే మా నాయనకు ఆఖరు చెల్లెలు. మాది కోడుమూరు దగ్గర ఒక పల్లె. నల్లరేగడి చేలు, జొన్న, పత్తి. వాన పడితే పంట, లేకపోతే లేదు. మా తాత పోయేనాటికి నాయన థర్డ్ ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి, చదువుతున్నాడట. బడి మానేసి సేద్యం నెత్తిన వేసుకున్నాడు. తర్వాత కర్నూల్లో వేరుశనగ మండీ పెట్టి, కాపురం కూడా అక్కడికే మార్చాడు. తనకు మధ్యలో తెగిపోయిన చదువు మీది ఆశంతా తీసుకెళ్లి ఈ చెల్లెలి మీద పెట్టుకున్నాడు. "దానికి పెండ్లి ఎప్పుడప్పా?" అని బంధువులు అడిగితే "దాని చదువు కానియ్యండి. మీరేమన్నా అన్నం పెడ్తాండారా దానికి?" అని ఒక్క మాటతో పంపించేవాడు.

అలా ఆమెను మద్రాసు పంపాడు. అక్కడ ఫిజిక్సు ఆనర్సు చదివింది. తరగతిలో ఆడపిల్ల తనొక్కతే. ముందు వరసలో ఒక బెంచీ ఆమెకు కేటాయించి, దాని మీద ఇంకెవరినీ కూర్చోనిచ్చేవాళ్లు కారట. దాన్ని అవమానంగా చెప్పుకునే ఆడవాళ్లు ఉంటారు. చిన్నత్త మాత్రం "బెంచీ అంతా నాదే. పుస్తకాలు ఒక పక్క, మజ్జిగ సీసా ఒక పక్క. వెనకాల మొగపిల్లోల్లు ఇరుక్కోని ఇరుక్కోని కూచుంటాండ్రి" అని నవ్వేది. ఆమె తత్వమే అంత. మంచి మార్కులతో పాసైంది. వచ్చే జూన్ నుంచి తన దగ్గర చేరి పరిశోధన చేయమని ప్రొఫెసరు చెప్పాడు. నాయన ఆ వార్త మండీలో గుమాస్తాల దగ్గర్నుంచి మూటలు మోసేవాళ్ల దాకా అందరికీ చెప్పుకున్నాడు. సైంటిస్టు అంటే పొద్దున లేచి ఏం చేస్తారో ఆయనకు తెలియదు. తన చెల్లెలు సైంటిస్టు అవుతుందని తెలుసు, అది చాలు.

జూన్ రావడానికి ఇంకా చాలా నెలలు ఉన్నాయి. ఈలోపు మా బళ్లో సైన్సు టీచరు సెలవు మీద వెళ్లిపోతే, ఆ జాగాలో తాత్కాలికంగా చిన్నత్తను వేశారు. ఇంట్లో కూర్చుని వదినకు జొన్నరొట్టెలు చేయడంలో సాయం చేసే బదులు బడికి పోతే పొద్దుపోతుందని ఆమె ఒప్పుకుంది. నాయన కూడా "జూన్ దాకానే కదా" అన్నాడు.

అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని. ఊరి నిండా డేరాలు, జీపులు, కోస్తా నుంచి వచ్చిన ఆఫీసర్లు. అద్దె ఇల్లు దొరకడం దేవుడు ప్రత్యక్షం కావడంతో సమానం. మా బళ్లో సైన్సు గదిని ఏదో ఆఫీసు సామాన్లు పెట్టుకోవడానికి తీసుకున్నారు. ఉన్న ఒక్క బీరువా వరండాలోకి వచ్చింది, అందులో రెండు విరిగిన గాజు గొట్టాలు, ఒక ఎలక గూడు. అయినా ఎవరికీ బాధ లేదు. మా బళ్లో ఫోర్త్ ఫారం నుంచి ఆడపిల్లలకు గృహవిజ్ఞానం ఒక్కటే ఉండేది. కుట్లు, ఊరగాయలు, పసిపిల్లల పెంపకం. ఫిజిక్సు మొగపిల్లల హైస్కూల్లో ఉండేది. కావాలంటే మీరు అక్కడికి పోండి అనేవాళ్లు. పోనిచ్చే తల్లిదండ్రులు ఊరంతటికీ కలిపి ఒకరూ లేరని వాళ్లకూ తెలుసు, మాకూ తెలుసు.

చిన్నత్తకు ఇది గొంతులో ముల్లయింది. ఆమె తరగతిలోని పిల్లలు ఒకటికి రెండు ప్రశ్నలు అడిగేవాళ్లు. నేను కూడా ఆ థర్డ్ ఫారంలోనే ఉన్నాను కాబట్టి గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి, నేను అడిగేదాన్ని కాదు, నాకు భయం. మిగతావాళ్లు అడిగేవాళ్లు. ఆ అడిగే పిల్లలందరూ వచ్చే ఏడాది నుంచి చొక్కాలకు కాజాలు కుట్టుకుంటూ కూర్చోవాలి. చిన్నత్త పోయి హెడ్‌మిస్ట్రెస్‌ను అడిగింది: ఫోర్త్ ఫారంలో ఫిజిక్సు ఎందుకు పెట్టకూడదు?

మా హెడ్‌మిస్ట్రెస్ చెడ్డ మనిషి కాదు, పిరికి మనిషి. గది లేదంది, సామాను లేదంది, చివరికి ఆడపిల్లల బళ్లను తనిఖీ చేసే ఇన్‌స్పెక్ట్రెస్‌గారు ఏప్రిల్‌లో వస్తారు, ఆవిడ చూసి సరే అంటే జూన్ నుంచి పెట్టొచ్చు, లేకపోతే లేదు అంది. అంతవరకు ఆఖరి పీరియడులో పిల్లలకు ఏవో నాలుగు ప్రయోగాలు చూపించుకోమంది. ఇక అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే ఆలోచన, ఇన్‌స్పెక్ట్రెస్ ఏమంటుంది? ఫిజిక్సు వస్తుందా, రాదా?

సామాను లేకుండా ఏ ప్రయోగం చేస్తావని నేనే అడిగాను. "మనూర్లో దండిగా ఉండేది ఏంది?" అంది చిన్నత్త. ఎండ అన్నాను. "అదే నా సామాను" అంది.

అప్పుడు నాకు అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. రుద్దితే పుట్టే విద్యుత్తు గాలిలో చెమ్మ ఉంటే నిలవదు. మద్రాసులో సముద్రపు గాలి. అక్కడ ఈ ప్రయోగాలు చేయాలంటే గాజు కడ్డీలను బొగ్గుల కుంపటి మీద వేడి చేసుకుని, దేవుడికి దండం పెట్టుకుని, అప్పటికీ సగం సార్లు ఏమీ జరగక, ప్రొఫెసరు "జరిగినట్టు అనుకోండి" అని బోర్డు మీద బొమ్మ వేసేవాడట. మా కర్నూలు ఏప్రిల్ గాలిలో చెమ్మ ఎక్కడిది? ఉతికిన చీర ఆరేసి వెనక్కి తిరిగేలోపల ఆరిపోతుంది. ఈ ఊరి ఎండను పొగిడిన మనిషిని నా జీవితంలో నేను ఆమెనొక్కదాన్నే చూశాను. వచ్చిన ఆఫీసర్లందరూ మా ఎండను తిట్టుకుంటూ వట్టివేళ్ల తడికెలు కట్టించుకుంటూ ఉంటే, ఈమె మిట్టమధ్యాహ్నం వరండాలో నిలబడి "ఏం గాలి! ఏం గాలి!" అని మురిసిపోయేది.

సామాను ఆమె ఇంట్లోనే పోగు చేసింది. పల్లె నుంచి జొన్న దంట్లు తెప్పించి, లోపలి తెల్ల బెండును గోలీలంత గుండ్లుగా కోసి, పట్టుదారంతో వేలాడదీసింది. గాలి ఊదితే ఎగిరిపోయేంత తేలికైన గుండ్లు. తపాలా మూటలకు ముద్ర వేసే లక్క కడ్డీ ఒకటి, గొర్రెబొచ్చు కంబళి ముక్క ఒకటి. లక్కను కంబళితో రుద్ది దగ్గరికి తెస్తే బెండు గుండు వచ్చి టక్కున తగిలి, మళ్లీ దూరంగా పారిపోయేది. మేము చప్పట్లు కొట్టేవాళ్లం. అయితే చిన్నత్తకు మేము చప్పట్లు కొట్టడం నచ్చేది కాదు. "నేను చేస్తాంటే మీరు చూడ్డం తమాషా. మీ చేత్తో మీరు చేస్తే సైన్సు" అనేది. లక్క కడ్డీ ఒక్కటే ఉంది. అందుకని అందరినీ ఇంటి నుంచి దువ్వెనలు తెచ్చుకోమంది. కొత్తగా ప్లాస్టిక్ దువ్వెనలు వచ్చిన రోజులు. తల దువ్వుకుని, ఆ దువ్వెనను కాగితం ముక్కల దగ్గర పెడితే ముక్కలు లేచి వస్తాయని చెప్పింది.

మేమందరం దువ్వాం. పెట్టాం. "అంటుకుండాయి టీచర్! నాకు అంటుకుండాయి!" అని తరగతి అంతా ఒకటే గోల. చిన్నత్త సంతోషంగా వచ్చి మొదటి బెంచీ అమ్మాయి దువ్వెన చేతిలోకి తీసుకుని, వాసన చూసింది. ముఖం చిట్లించింది. కాగితాలు అంటుకున్న మాట నిజమే. ఎందుకు అంటుకోవు? మా తలలకు రోజూ పొద్దున మా అమ్మలు పట్టించే ఆముదం ఎంత? నుదుటి మీదకి కారేంత. ఆ జిడ్డుకు కాగితాలే కాదు, ఈగలు కూడా అంటుకునేవి.

ఇంకొకరైతే కసురుకునేవాళ్లు. ఆమె బల్ల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుని, ఒక మాట చెప్పింది. "అంటుకున్నాయా లేదా అనేది సగమే. ఎందుకు అంటుకున్నాయి అనేది మిగతా సగం. ఇది కరెంటు కాదు, ఆముదం. ఆ రెండిటికీ తేడా కనిపెట్టడమే మన పని." నేను తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను, ఎంతోమంది పిల్లలకు పాఠాలు చెప్పాను. సైన్సు అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పిన వాక్యం నాకు తారసపడలేదు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఇన్‌స్పెక్ట్రెస్ సోమవారం వస్తుందని అప్పటికి కబురొచ్చింది. చిన్నత్త అందరినీ లేపి నిలబెట్టి చెప్పింది. "సోమవారం పొద్దున అందరూ తలకు పోసుకోని రండి. నూనె చుక్క తగలకూడదు. జుట్టు బాగా ఆరాల. జడ గట్టిగా ఎయ్యొద్దు, కొసన ముడేసుకుంటే సాలు."

ఒక పిల్ల మెల్లగా "సోమవారమా టీచర్?" అంది. "సోమవారమైతే ఏమి, నీళ్లు రావా?" అంది ఈమె. మద్రాసులో ఇన్నేళ్లుండి ఆమె ఒక సంగతి పూర్తిగా మర్చిపోయింది. మా వైపు ఆడవాళ్లకు తలస్నానం శుక్రవారం. లేదంటే పండగ. పండగా శుక్రవారమూ కాని రోజున పొద్దున్నే తలకు పోసుకుని, నూనె పెట్టుకోకుండా, జుట్టు వదిలేసుకుని ఆడమనిషి బయట కనిపించిందంటే దానికి ఒకటే అర్థం. చావు కబురు వచ్చిందని.

ఇంట్లో మా అమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. అమ్మకు ఆడబిడ్డంటే ప్రేమే, ఆమె చదువంటే మాత్రం గుబులు.

"శుక్రవారం పోసుకున్యాది కదా బిడ్డ. మళ్లా సోమవారం తలకు నీళ్లేంది? ఎవురు సచ్చినారని?"

"కరెంటు కోసం వదినా."

"కరెంటుకు తలెందుకు మే? తీగలు సాలవా?"

చిన్నత్త చాలాసేపు నచ్చచెప్పింది. అమ్మకు ఒక్క ముక్క ఎక్కలేదు. అయినా సోమవారం పొద్దున నీళ్లు కాచింది. సీకాయ పెట్టి నా తల రుద్దుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. తిడుతూనే జిడ్డు ఒక్క వెంట్రుకకు కూడా మిగలకుండా రుద్దింది. మా అమ్మ మీద నాకున్న గౌరవం ఆ పొద్దుతో రెండింతలైంది.

వీధిలో అడుగు పెట్టగానే పక్కింటి సాయబులామె నన్ను చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "యా అల్లా! ఎవురు పోయినారు బేటీ?" ఎవరూ పోలేదు, ఫిజిక్సు అన్నాను. ఆమె నా తల నిమిరి, కళ్లు ఒత్తుకుంది. ఇలాగే ఊరి నాలుగు మూలల నుంచీ మా తరగతి పిల్లలందరూ జుట్టు విరబోసుకుని బడికి బయలుదేరారు. ఒక ఇంటి పిల్ల అయితే ఆ ఇంట్లో చావు అనుకుంటారు. ఒకే బడి పిల్లలందరూ అయితే? బళ్లోనే ఎవరో పోయారు. ఎవరు? హెడ్‌మిస్ట్రెస్ నాలుగు రోజులుగా చలిజ్వరంతో బడికి రావడం లేదన్నది అందరికీ తెలిసిన సంగతే. ఇంక ఆలోచించేదేముంది!

ఫిజిక్సు కోసమని మేము మా అమ్మలకు ముందే చెప్పాం కదా, వాళ్లయినా నమ్మలేదా అంటే, వాళ్లు కూడా మనసు మార్చుకున్నారు. పిల్లలు భయపడతారని టీచర్లు ఫిజిక్సని అబద్ధం చెప్పి ఉంటారనుకున్నారు. గంట కొట్టే వేళకు బడి గేటు ముందు ఆడవాళ్లు గుంపులు గుంపులుగా చేరారు. కొందరు మొగవాళ్లు కూడా వచ్చారు. అందులో ఒక పెద్దమనిషి పొడుగాటి బంతిపూల దండ తెచ్చాడు.

అప్పుడు వచ్చింది జట్కా. అందులో నుంచి శాలువా కప్పుకుని, చలిజ్వరం తగ్గీ తగ్గక, ఇన్‌స్పెక్షన్ అని లేచి వచ్చిన మా హెడ్‌మిస్ట్రెస్ దిగింది. గుంపులో ఒకావిడ కెవ్వుమంది. దండ తెచ్చిన పెద్దమనిషి దాన్ని వెనక్కి దాచుకోబోయాడు కానీ అది దాగే పొడవు కాదు.

"ఎవరికప్పా ఆ దండ?" అంది హెడ్‌మిస్ట్రెస్.

ఆయన కింద చూస్తూ "మీకేనమ్మా" అన్నాడు.

ఆ గొడవలో ఉండగానే ఇన్‌స్పెక్ట్రెస్ కారు వచ్చి ఆగింది. ఆవిడ గుంటూరు వైపు మనిషి, నెరిసిన జుట్టు, గట్టి గొంతు. "ఏమైంది ఇక్కడ?" అని అడిగితే పదిమంది పది రకాలుగా చెప్పారు. హెడ్‌మిస్ట్రెస్ వణుకుతూ, అది జ్వరమో కోపమో తెలియదు, చిన్నత్త వైపు వేలు చూపించి "ఇది ఈమె ఫిజిక్సు చేసిన నిర్వాకం. ఈ పొద్దుతో బంద్. ఇంక ఆ మాట ఎత్తితే ఊరుకునేది లేదు" అంది. ఏడ్చింది కూడా. బతికుండగానే తన దండ తాను చూసుకున్న మనిషిని తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

చిన్నత్త ముఖం తెల్లబడింది. అయిపోయిందనుకున్నాను. మేమందరం ఆ ఎండుజుట్లతో వరండాలో వరసగా నిలబడి ఏడుపు ముఖాలు పెట్టాం. ఇన్‌స్పెక్ట్రెస్ మా జుట్లను ఒకసారి చూసింది. తర్వాత చిన్నత్తను చూసింది. "ఇంత రభసకు కారణమైన ఆ ప్రయోగమేదో చూపించండి, చూస్తాను" అంది.

"ఈడనేనా?" అంది చిన్నత్త.

"ఇక్కడే. అందరూ చూడనీండి."

బేతంచెర్ల బండలు పరిచిన ఆ వరండాలో కాగితం ముక్కలు చల్లాం. వేడిగాలి వీస్తోంది. పిల్లలు కూర్చుని, జుట్టు ముందుకు వేసుకుని దువ్వడం మొదలుపెట్టారు. చిటచిటమని సన్న చప్పుడు. వెంట్రుకలు విడివిడిగా లేచి దువ్వెనల వెంట వచ్చాయి. దువ్వెనలు కిందికి దించగానే కాగితం ముక్కలు బండ మీద నుంచి లేచి పైకి ఎగిరాయి. గేటు దగ్గరి ఆడవాళ్లు ఎప్పుడు వచ్చారో తెలియదు, వరండా మెట్ల దాకా వచ్చేశారు.

ఇన్‌స్పెక్ట్రెస్ వంగి ఒక పిల్లను అడిగింది. "దువ్వెనకు అంటుకున్న ముక్క కొంచెంసేపయ్యాక మళ్లీ ఎగిరి దూరంగా పడుతోంది చూడు. ఎందుకు?"

ఆ పిల్ల లేచి నిలబడింది. "తెలీదు మేడమ్" అంది. తెలీదంటే ఇక దెబ్బలే, మిగతా తరగతులన్నిటిలో రివాజు అది. ఆ పిల్ల మాత్రం భయపడకుండా "ఇంగోసారి చేసి చూస్తా, అప్పుడు చెప్తా" అని కూర్చుని మళ్లీ తల దువ్వుకోసాగింది. ఇన్‌స్పెక్ట్రెస్ చాలాసేపు ఆ పిల్లనే చూసింది. చిన్నత్త మాకు నేర్పింది అది. తెలియదని నిలబడి చెప్పడం, చెప్పి ఊరుకోకపోవడం.

ఆ తర్వాత మెట్ల మీద నిలబడిన ఒకామె, ముసలామె, కొంగు సర్దుకుంటూ ముందుకు వచ్చింది. "అమ్మా, చలికాలం రేత్రిపూట నల్ల కంబళి ఇదిలిస్తే సిటసిటా అంటాది. చీకట్లో మెరుస్తాది గూడా. మా ఇంట్లో అది దయ్యం గాలి అని దిష్టి తీస్తాండారు. అదీ ఇదేనా?"

చిన్నత్త ఆమె దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకుంది. "ఇదేనమ్మా. అచ్చంగా ఇదే" అంది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. మద్రాసు నుంచి పాసైనట్టు తంతి వచ్చిన రోజు కూడా ఆమె ముఖం అంత వెలగలేదు.

మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి నిమ్మకాయ నీళ్లు తీసుకెళ్లమన్నారు నన్ను. ఇన్‌స్పెక్ట్రెస్ మాట్లాడుతోంది. "అనుమతి రాసిస్తాను. అయితే మీరుంటేనే. జూన్‌లో మీరు మద్రాసు వెళ్లిపోతారని విన్నాను. ఫిజిక్సు చదివిన ఆడమనిషి ఈ చుట్టుపక్కల జిల్లాల్లో నాకు ఇంకెవరూ కనపడలేదు. మొగ టీచరును వేస్తే మీవాళ్లు పిల్లల్ని పంపరు. వెళ్లొద్దని చెప్పడానికి నేనెవర్ని? నేనే మీ వయసులో ఉంటే వెళ్లేదాన్ని. రేపు సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పండి."

నాయన ఆ సాయంత్రం మండీ నుంచి నవ్వుతూ వచ్చాడు. దండ కథ ఆయన దాకా పోయింది. వచ్చేటప్పుడు జిలేబీ కూడా తెచ్చాడు. చిన్నత్త ఆయన కాళ్లూ చేతులూ కడుక్కునేదాకా ఆగి, పెరట్లో ఎదురుగా నిలబడి చెప్పింది. "అన్నా, నేను మద్రాసుకు పోను. ఈడే ఉంటా."

నాయన అది తమాషా అనుకున్నాడు. కాదని తెలిశాక చేతిలోని చెంబు కింద పెట్టాడు. "నిన్ను నేను సదివించింది ఈ దువ్వెన్ల ఆటకా? బడిపంతులు పని ఎవురైనా చేస్తారు మే. నీ పని వేరే."

"ఎవురూ లేరన్నా. మద్రాసులో నేను లేకున్నా ఆ పని జరుగుతాది. నా కుర్చీలో ఇంగొగడు కూచుంటాడు. ఈడ నేను లేకుంటే కుర్చీనే లేదు."

"లేకపోతే పోనీ! ఊరందరి ఆడపిల్లలు నీకేమైతారు?"

"నీకు నేనేమైతానో, నాకు వాళ్లూ అదే" అంది చిన్నత్త. "నాకు బాధ లేదనుకోవద్దన్నా. శానా ఉండాది. ఆ ప్రయోగశాల తలుసుకుంటే ఏడుపొస్తాది. అయినా పోను."

నాయన చెంబు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన చెల్లెలితో మాట్లాడటం మానేశాడు. ఒకే ఇల్లు, ఒకే వంట. ఏమైనా చెప్పాలంటే "మీ అత్తకు జ్వరమొచ్చినట్టుండాది, మందు తెచ్చినానని చెప్పు" అని నాకు చెప్పేవాడు. ఆమె ఎదురుగానే ఉండేది. నేను లేకపోతే గోడకు చెప్పేవాడు. ఆమెకు ఏ లోటూ రానివ్వలేదు, ఎవరూ ఆమెను ఒక్క మాట అనకుండా చూసుకున్నాడు. మాట మాత్రం లేదు. నాకు నాయన మీద కోపం వచ్చేది. చిన్నత్త మీద కూడా వచ్చేది, ఎందుకంటే ఆమె ఆయన్ను ఏమీ అనేది కాదు. "ఆయప్ప బాధ ఆయప్పది. నేను ఇడిసిపెట్టింది నా ఆశ ఒక్కటే అనుకుంటివా? ఆయప్పది గూడా" అనేది.

జూన్‌లో ఫోర్త్ ఫారం ఫిజిక్సు మొదలైంది. పిల్లలం ఎక్కువ మందిమి లేము, ఒక్క బెంచీకి కొంచెం ఎక్కువ. తర్వాతి ఏడాది ఇంకొన్ని బెంచీలు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక డేరాలు పోయాయి, సైన్సు గది మాకు తిరిగి వచ్చింది. మధ్యలో ఒక ఏడాది పోయి టీచరు ట్రైనింగు కూడా చేసి వచ్చింది చిన్నత్త. ఊళ్లో పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు "అమ్మాయి ఫిజిక్సు కూడా చదివింది" అని చెప్పుకునే రోజులు వచ్చాయి. తెలియదని చెప్పిన ఆ పిల్ల డాక్టరమ్మ అయింది. నేను కూడా భయం వదిలించుకుని ప్రశ్నలు అడగడం నేర్చుకున్నాను, కొంచెం ఆలస్యంగా.

తర్వాత చిన్నత్తను కడపకు పంపారు, పల్లెబడుల్లో చెప్పబోయే ఆడ టీచర్లకు సైన్సు ఎలా చెప్పాలో నేర్పే చోటికి. తరగతిలో పద్దెనిమిదేళ్ల పిల్లల నుంచి ఇద్దరు బిడ్డల తల్లుల దాకా ఉండేవాళ్లు. ఒక్కొక్కరూ ఒక్కొక్క పల్లెకు పోయి ఇంకొందరికి చెప్తారు. ఇదీ ఆమె అసలు జీవితమని నేను అనుకుంటాను. ఆ పని ఎంత పెద్దదో "పాపం" అనేవాళ్లకు ఎప్పటికీ తెలియదు.

నాకు కూడా అక్కడే ట్రైనింగుకు సీటు వచ్చింది. ట్రంకు పెట్టె తీసుకుని నన్ను దిగబెట్టడానికి నాయన కడపకు వచ్చాడు. బస్సులో నంద్యాల దాటి, ఆళ్లగడ్డ దాటి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. నేను నేరుగా తరగతిలోకి పోయాను. నాయన వరండాలో ఎండలో నిలబడ్డాడు. పెద్దమనిషి ఎండలో ఉన్నాడని అక్కడి ప్యూను లోపలికి తీసుకొచ్చి ఆఖరి బెంచీ మీద కూర్చోబెట్టాడు. చిన్నత్త చూసింది. చూసీ పాఠం ఆపలేదు.

"కొత్త కుండలో పోసిన నీళ్లు ఎందుకు చల్లబడతాయి?" అని అడుగుతోంది. ఎవరూ లేవలేదు. కొత్త తరగతి, మొదటి రోజు, అందరికీ బెరుకు. ఆమె మళ్లీ అడిగింది. ఆఖరి బెంచీ నుంచి మా నాయన లేచి నిలబడ్డాడు. తలపాగా సర్దుకుని, మండీలో రైతులతో మాట్లాడే గొంతుతో చెప్పాడు.

"మన్నుకు చలవ గుణం ఉండాది. దాన్తో చల్లబడతాయి."

అన్ని సంవత్సరాల తర్వాత ఆయన చెల్లెలితో ఆడిన మొదటి మాట అది.

ఆమె ఆయన్ను ఒక్క క్షణం చూసింది. ఏ విద్యార్థినైనా ఎలా చూస్తుందో అలాగే చూసింది. "తప్పు" అంది. "ఊరగాయ జాడీ కూడా మన్నుతో చేసిందే. దాంట్లో పోసిన నీళ్లు ఎందుకు చల్లబడవు? ఆలోచించండి. కూర్చోండి."

తరగతి నవ్వింది. నాయన కూర్చున్నాడు. మిగతా పాఠమంతా ఆయన కదలకుండా విన్నాడు: కుండకు సన్న రంధ్రాలుంటాయని, జాడీకి పైన మెరుగు పూత ఉంటుందని, కుండ లోపలి నీళ్లు బయటికి చెమర్చి ఆవిరై పోతూ లోపలి వేడిని కూడా తీసుకుపోతాయని. మధ్యలో ఒకసారి లేచి, "మరి వానాకాలం కుండనీళ్లు అంత సల్లగుండవే, ఎందుకు?" అని అడిగాడు. "అదీ ప్రశ్న" అంది చిన్నత్త, ఈసారి కొంచెం నవ్వుతూ. గాలి తడిగా ఉంటే ఆవిరి త్వరగా పోదని వివరించింది.

సాయంత్రం మేమిద్దరం ఆయన్ను బస్సు ఎక్కించడానికి వెళ్లాం. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదులుతుండగా కిటికీలో నుంచి తల బయటికి పెట్టి, నన్ను కాదు, ఆమెను చూసి అన్నాడు.

"ఇన్నేండ్లొచ్చినాయి, ఆ జాడీ సంగతి నాకు తట్టలేదు మే. నువ్వు మద్రాసుకు పోయింటే, ఈ మాట నాకు ఎవురు చెప్తాండ్రి?"

బస్సు వెళ్లిపోయింది. చిన్నత్త ఆ దుమ్ములోనే నిలబడి, చుట్టూ జనం చూస్తున్నారని కూడా లేకుండా, గట్టిగా ఏడ్చింది.